కాచని డప్పు

పెళ్లికీ చావుకీ ఒకే మర్యాదతో పిలిపించుకునే వస్తువులు ఊళ్లో ఎక్కువ ఉండవు. నేను ఒక డప్పును. ఆ రెండూ కాక నాకు మూడో పని కూడా ఉంది, ప్రభుత్వం తరఫున మాట్లాడటం. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

నా చట్రం వేపచెక్క. దాని మీద మేకతోలు సాగదీసి చింతగింజల జిగురుతో అంటించినవాడు ఇప్పుడు నన్ను కొట్టే మొండయ్య తండ్రి. ఏ మేక అన్నది నాకు తెలియదు. బతికున్నప్పుడు దాని మాట ఎవరూ విని ఉండరు. పోయాక ఊరంతా వింది. ఆ పెద్దాయన కాలం చేశాక నేను మొండయ్య భుజానికి వచ్చాను.

నాకు ఒక అలవాటు ఉంది. సెగ తగలనిదే నోరు విప్పను. గడ్డిమంట దగ్గర కాసేపు కాస్తే తోలు బిగుసుకుంటుంది, అప్పుడు నా మాట గుట్ట అవతలికి వినిపిస్తుంది. కాచకుండా కొడితే తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు ఉంటుంది. కొట్టేవాడికి వినపడుతుంది, అదీ శ్రద్ధగా వింటే.

ఈ సంగతి మొండయ్య తండ్రికి తెలుసు, మొండయ్యకు తెలుసు. లింగారెడ్డి సర్పంచి అయ్యాక ఆయనకూ తెలిసింది.

మా ఊరి పేరు చెప్పను. చెబితే పక్క ఊళ్ల సర్పంచులు ఊపిరి పీల్చుకుంటారు. గ్రామసభకు ముందు దండోరా వేయించాలని, ఏ పని ఎక్కడ చేయాలో జనం ముందే తేల్చాలని నియమం. లింగారెడ్డి నియమాన్ని ఎన్నడూ దాటలేదు. మొదటి సభ ముందు మొండయ్యను పిలిపించాడు.

"మొండిగా, రేపు పన్నెండింటికి దండోర ఎయ్యాలె. డప్పు మాత్రం కాగవెట్టకు."

"కాగవెట్టకుంటె మోగది గద పటేలా."

"మోగాల్నని ఏడ రాసున్నది? కొట్టాల్నని రాసున్నది. కొట్టు."

మొండయ్య పంచాయతీలో వీధులు ఊడుస్తాడు. ఆ నౌకరి సర్పంచి నోటిమాట మీద నిలబడి ఉంది. అందుకని కొట్టాడు. జనం పొలాల్లో ఉన్నారు. ఒక కుక్క తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంది. సభకు సర్పంచి, కార్యదర్శి, చాయ్ తెచ్చిన మనిషి హాజరయ్యారు. జనం సభకు రాలేదు కాబట్టి తర్వాత హాజరు పుస్తకమే జనం ఇళ్లకు వెళ్లింది.

"దేనికి బిడ్డా ఈ ఏలుముద్ర?" అని ఒక ముసలమ్మ పుస్తకం తెచ్చిన కార్యదర్శిని అడిగింది.

"మొన్న సభకు నువ్వు అచ్చినట్టు."

"అచ్చిన్నా?"

"అచ్చినవు."

పెద్ద సార్లు చెబుతున్నారు కదా అని ముసలమ్మ నమ్మింది.

అలాంటి సభల్లో సిమెంటు రోడ్డు లింగారెడ్డి వీధికి వెళ్లింది. వీధిదీపాలు ఆయన పశువుల కొట్టం దాకా వెళ్లి ఆగాయి. బర్రెలు రాత్రిపూట చదువుకోవు కానీ, కావాలంటే వెలుతురు ఉంది.

ఇక మా వాడ సంగతి. మా వాడలో నల్లా లేదు. ఆడవాళ్లు సర్పంచి తమ్ముడి వ్యవసాయ బావి దగ్గరికి బిందెలతో వెళ్తారు. వరుస సగంలో ఉండగా ఆయన మోటారు బంద్ చేసి కరెంటు పోయిందంటాడు. మోటారు గదిలో ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మొండయ్య భార్య కనకవ్వ ఆ ఫ్యాన్‌ను చూస్తూ ఎన్నో పొద్దులు నిలబడింది.

ఒక ఎండాకాలం ఇంజనీరు ఒకాయన టేపు పట్టుకుని సర్పంచి వీధిలో కొలతలు తీస్తుంటే కనకవ్వ బిందె దించి అడిగింది.

"ఏం కడుతుండ్రు సారూ?"

"నీళ్ల ట్యాంకమ్మా. ఏడ కట్టాల్నో ఇంక తేలలే. గ్రామసభల తేలుస్తరు, నువ్వు సుత రా."

"సభ ఎప్పుడు?"

"దండోర ఏస్తరు గద."

ఆ సాయంత్రం కనకవ్వ పొయ్యి ముందు కూర్చుని మొగుడి వైపు చూడకుండా నా వైపు చూసి మాట్లాడింది.

"పోయినేడు సుత దండోర ఏసినవట. నీ పక్కల పండేదాన్ని, నాకే ఇనవడలే."

"పటేలు కాగవెట్టద్దన్నడే."

"ఆయన మాట నీకు ఇనవడ్డది. నీ మాటనే ఎవ్వలకు ఇనవడది."

"నౌకరి పోతది కనకా."

"బిందె మోసేది నువ్వా, నేనా? ట్యాంకు ఆ వీధికి పోయిందనుకో, సచ్చేదాక ఆ ఫ్యాను సూసుకుంట నిలవడాలె."

మొండయ్య అన్నం తిన్నాడు. చేయి కడుక్కోవడానికి చెంబులోని నీళ్లు సగమే వాడాడు.

అనుకున్నట్టే లింగారెడ్డి పిలిపించాడు. ఈసారి మరింత జాగ్రత్తగా చెప్పాడు.

"డప్పు నిప్పు కాడికి పోవద్దు. సరింగ పన్నెండింటికి, జనం లేనప్పుడు కొట్టు."

"నిప్పు కాడికి పోను పటేలా."

పోలేదు. పన్నెండుకు చాలా ముందే గుట్ట కింది పరుపుబండ మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తుమ్మచెట్టు నీడలో కూర్చుని పొగాకు నలుపుకున్నాడు. నడి వైశాఖం. కింద బండ, పైన సూర్యుడు. ఎండ మీద పంచాయతీకి అధికారం లేదు. చట్రం చిటపటలాడింది, తోలు బిగుసుకుంది. మొండయ్య వేలితో తాకి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు తలపాగా చుట్టుకుని లేచాడు.

మొదటి దెబ్బకు బడి కప్పు మీది పావురాలు లేచాయి. కుక్క ఈసారి పూర్తిగా లేచింది. ఉపాధి పని నుంచి తట్టలతో తిరిగి వస్తున్న ఆడవాళ్లు చెరువుకట్ట మీద ఆగిపోయారు.

"ఇనుండ్రి! ఎల్లుండి పొద్దుగాల పంచాయతి కాడ గ్రామసభ! నీళ్ల ట్యాంకు ఏడ కట్టాల్నో తేల్చుడున్నది! అందరు రావాలె, హో!"

కార్యదర్శి చెప్పమన్న మాటలే. ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

లింగారెడ్డి ఎంగిలిచేత్తో బయటికి వచ్చాడు.

"ఓరి, కాగవెట్టినవారా?"

"అగ్గిపుల్ల సుత గియ్యలే పటేలా. పన్నెండింటికి కొట్టుమంటిరి, కొట్టిన."

లింగారెడ్డి ఆకాశం వైపు చూశాడు. తాను తీసుకున్న రెండు జాగ్రత్తలు ఒకదానికొకటి పడవని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

సభ రోజు పంచాయతీ వాకిలి నిండిపోయింది. మా వాడ ఆడవాళ్లు సభ కాగానే బావికి పోవాలి కాబట్టి ఖాళీ బిందెలతోనే వచ్చారు.

"ఇంతమంది ఎందుకచ్చిండ్రు?" అన్నాడు లింగారెడ్డి.

"పిలిస్తిరి గద పటేలా," అంది కనకవ్వ.

ట్యాంకు సర్పంచి వీధిలో ఉండాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు కార్యదర్శి. ఎత్తినవాళ్లు ఒక మంచం మీద పట్టేంత మంది. మా వాడలో ఉండాలనేవాళ్లు ఎత్తమంటే చేతులతో పాటు బిందెలు కూడా లేచాయి. బిందెల్ని లెక్కపెట్టాలా వద్దా అని కార్యదర్శి కొంచెం ఆలోచించాడు. నియమాల్లో బిందెల గురించి ఏమీ లేదు. తీర్మానం రాసి మూయబోయాడు.

"సారూ, రాసింది ఒకపారి గట్టిగ సదువుండ్రి," అంది కనకవ్వ.

చదివాడు. ఆ పంచాయతీలో ఒక తీర్మానం గాలి పీల్చుకోవడం నాకు తెలిసి అదే మొదలు.

ఇప్పుడు ట్యాంకు మా వాడ చివర నిలబడి ఉంది. మొదటిరోజు కనకవ్వ నల్లా కింద బిందె పెట్టి, నిండాక కూడా కాసేపు కట్టేయకుండా చూస్తూ నిలబడింది. మొండయ్య నౌకరి పోలేదు. చెప్పినట్టే చేసినవాణ్ణి ఏమని తీసేస్తారు?

దండోరా మాత్రం రద్దయింది. కాలం మారిందని, గ్రామసభ కబురు ఇక ఫోన్‌లో వాట్సాప్ గుంపులోనే వస్తుందని లింగారెడ్డి ప్రకటించాడు. ఆ గుంపులో ఆయన తప్ప ఎవరూ మాట్లాడే వీలు లేదు. మా వాడ నుంచి అందులో ఉన్నది మొండయ్య ఒక్కడే, అదీ వీధులు ఊడుస్తాడు కాబట్టి. నేను గోడమేకుకు వేలాడుతున్నాను.

సభ కబురుతో మొండయ్య ఫోన్ టింగుమన్న రోజు కనకవ్వ నన్ను మేకు మీంచి దించి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, పరుపుబండ మీద పెట్టి వస్తుంది. మొండయ్య తలపాగా వెతుక్కుంటాడు.

నిప్పు దగ్గరికి మాత్రం నన్ను పోనివ్వదు. పటేలు మాటంటే ఆమెకు అంత గౌరవం.