గీత పడుకున్న వారం

"అన్నీ మిషన్లే చేస్తున్నయి గద. మా యాడి లెక్క బాయి నీళ్లు చేదుడు, రోట్ల దంచుడు ఉన్నదా నీకు?"

బకెట్లో హీటర్ రాడ్డు వేసి, మిక్సీ ఆపి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడుతున్న సునీలతో ప్రేమ్‌సింగ్ ఈ మాట అన్నాడు. కోపంగా అనలేదు. పేపరు చదువుతూ, టీ తాగుతూ, ఏదో కుశలం అడిగినట్టే అన్నాడు. నిజమేనేమో అనుకుంది సునీల. మీట నొక్కితే నీళ్లు ట్యాంకుకు ఎక్కుతున్నాయి, మూత పెడితే అన్నం ఉడుకుతోంది. మరి ఆఫీసుకు చేరేసరికి నడుము ఎందుకు పట్టేస్తున్నదో ఆమెకే అర్థమయ్యేది కాదు.

సునీల ఎల్లారెడ్డి కరెంటాఫీసులో సబ్ ఇంజనీరు. గాంధారి దిక్కు తండాలో పుట్టి, కామారెడ్డి హాస్టల్లో ఉండి చదువుకుంది. ప్రేమ్‌సింగ్ బడి పంతులు. ఆయన యాడి, అంటే తల్లి, బీమ్లా కొడుకు దగ్గరే ఉంటుంది. వాళ్ల కాలనీకి ఉన్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. పొద్దున అందరూ ఒకేసారి అన్నీ వేసేసరికి అది మాటిమాటికీ కాలిపోయేది. అది రెండువేల పదమూడు. ఉన్న కోతలు చాలవన్నట్టు, కాలిన ప్రతిసారీ కాలనీ అంతా రోజుల తరబడి చీకట్లో ఉండేది. అందుకే పై ఆఫీసు ఆ కాలనీని కొత్త ప్రయోగానికి ఎంచుకుంది. పాత మీటర్లు తీసేసి, లోపల సిమ్ కార్డు ఉన్న మీటర్లు బిగించారు. ఏ ఇంట్లో ఎప్పుడెంత కరెంటు కాలుతోందో ఆఫీసు కంప్యూటరులో గీతగా కనబడుతుంది. ముందుముందు పొద్దున పూట హద్దు దాటిన ఇంటికి ఆఫీసులో కూర్చునే కరెంటు ఆపవచ్చు.

దాన్ని నేర్చుకోవడానికి సునీలను వారం రోజులు హైదరాబాదు పంపారు. "వారమా? ఇంట్ల ఎట్ల మరి?" అన్నాడు ప్రేమ్‌సింగ్. తిరిగొచ్చిన రోజు మాత్రం నవ్వుతూ, "నువ్వు లేకున్నా ఏం ఆగలే, మంచిగనే గడిచింది" అన్నాడు. ఆ మాటకు సంతోషపడాలో, బాధపడాలో తెలియక ఆమె సంచీలోంచి బట్టలు తీసి నానబెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు తమ ఇంటి గీత తెరిచి చూసింది. తెల్లవారగానే చిన్న మెట్టు, అది మోటరు. దాని మీద మిక్సీ, కుక్కరు, రాడ్డు. అన్నిటికన్నా పైన ఇస్త్రీ పెట్టె. ఆమె బస్టాండు దాటే వేళకు గీత చప్పున కింద పడుతోంది. తన పొద్దుటి పూటను ఎవరో దూరం నుంచి చూసి బొమ్మ గీసినట్టుంది. వెనక్కి జరుపుతూ పోతే ఒక వారం మొత్తం గీత నేలకు ఆనుకొని పడుకొని ఉంది. ఆమె హైదరాబాదులో ఉన్న వారం. సునీల కుర్చీలో వెనక్కి వాలింది. నేను లేకపోయినా ఇల్లు ఆగలేదన్నారు, గీత ఆగింది. అంటే ఆ పనులన్నీ నాతోనే ఉన్నాయా, లేక అక్కర్లేని పనులు నేనే పెట్టుకుంటున్నానా? వాళ్లు స్నానాలు చేశారు, తిన్నారు, ఆయన మడత నలగని చొక్కాతో బడికి పోయాడు. మరి నేను రోజూ దేనికి ఉరుకుతున్నాను? ఎంత ఆలోచించినా ఒక కొస దొరికితే ఇంకో కొస జారిపోయింది.

ఆ గీత హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారుకూ కనబడింది. ఆయనకు మాత్రం ఏ సందేహమూ రాలేదు. క్రమశిక్షణ ఉంటే పొద్దుటి లోడు తగ్గించుకోవచ్చని ఈ ఇల్లు రుజువు చేసిందన్నాడు. ఆ వినియోగదారుడికి కాలనీ మీటింగులో సన్మానం చేయాలన్నాడు. పేరు చూసి పెద్దాఫీసరు కిష్టయ్య సారు నవ్వాడు. "సునీలమ్మా, మీ ఇల్లే గద. ఆడోళ్లకు నువ్వే చెప్పాలె, ఎట్ల చేసిన్రో." ఆమెను ట్రైనింగుకు పంపిన కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. అయినా అది ఆమె ఊళ్లో లేని వారమని ఆయనకు తట్టలేదు. సునీల నోరు తెరవబోయి ఆగింది. నేను లేను గనుక తగ్గిందని చెబితే నన్ను నేను గొప్ప చేసుకున్నట్టుంటుందా? ఇంటి గుట్టు ఆఫీసులో విప్పినట్టుంటుందా? అయితే మళ్లా హైదరాబాదు పో, ట్రాన్స్‌ఫార్మరు బతుకుతది అని నవ్వుతారా? ఏదీ తేల్చుకోలేక తల ఊపి వచ్చేసింది.

సన్మానం మాట వినగానే ప్రేమ్‌సింగ్ ముఖం వెలిగిపోయింది. ఆ వారం ఏం చేశారని సునీల అడిగితే, "ఏమో, గట్లనే నడిచిపోయింది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. ఆయనకు నిజంగానే తెలియదు.

తెలిసింది పక్కింటి తాహేరా దగ్గర. తాహేరా భర్త హసన్ దుబాయిలో పని చేస్తాడు. ఆమె ఇంట్లోనే కరెంటు మిషను మీద బట్టలు కుడుతుంది. గోడ దగ్గర మాటల్లో సునీల ఆ వారం సంగతి ఎత్తితే, తాహేరా మామూలుగా చెప్పింది. "మోటరు ఏ మీటకు నడుస్తదో మీ అత్తమ్మకు తెల్వదు. రోజు బిందెలు పట్టుకొని మా ఇంటికే వచ్చేది. అన్నం, వేడినీళ్లు గ్యాసు పొయ్యి మీద పెట్టుకునేది. చట్నీ నేనే పట్టిచ్చిన, అంగీలు నేనే ఇస్త్రీ చేసిచ్చిన. ఒక్క వారమే గద."

సునీల గోడ వైపు చూసింది. పని ఎక్కడికీ పోలేదు, గోడ దాటింది అంతే. ఒక ఆడదాని చేతుల్లోంచి ఇంకో ఆడదాని చేతుల్లోకి పోయింది. దీన్ని ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో ఆమెకు తెలియలేదు.

ఆదివారం ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసల్లో మగవాళ్లు, వెనక ఆడవాళ్లు. పూలగుత్తులు అందించే పని సునీలకు పెట్టారు. ప్రేమ్‌సింగ్‌కు శాలువా కప్పారు. ఎలా సాధించారని అడిగితే మైకు పట్టుకొని, మనసుంటే మార్గం ఉంటుందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సలహాదారు తెర మీద రెండు గీతలు చూపించాడు. నీలం గీత ప్రేమ్‌సింగ్ గారి ఇల్లు. ఎర్ర గీత పక్కిల్లు, అదే వారం. పక్కపక్కనే ఉన్నా ఒకరికి పొదుపు ఉంది, ఇంకొకరికి లేదన్నాడు. పొద్దుటి హద్దు సోమవారం నుంచి ఈ ఎర్ర గీత ఇంటితోనే మొదలుపెడతామన్నాడు. అది ఎవరి ఇల్లో కాలనీ వాళ్లకు చెప్పక్కర్లేదు. అందరి తలలూ తాహేరా వైపు తిరిగాయి. తాహేరా కొంగు నుదుటి మీదికి లాక్కొని కింద చూసింది.

కిష్టయ్య సారు మైకు సునీల చేతికిచ్చాడు. ఆడవాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నాడు. ఆఫీసులో రాసిచ్చిన మాటలు ఆమెకు నోటికే వచ్చు. కానీ నోరు తెరిస్తే అవి రాలేదు.

"ఆ వారం నేను ఇంట్ల లేను" అంది.

మైకులోంచి తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"హైదరాబాదుల ఉన్న. మా ఇంటి నీళ్లు తాహేరక్క మోటరు ఎక్కిచ్చింది. మా చట్నీ ఆమె మిక్సీల పట్టింది. మా ఆయన అంగీలు ఆమెనే ఇస్త్రీ చేసింది. ఆ ఎర్ర గీతల సగం మాదే సార్."

వెనక వరసలోంచి బీమ్లా గొంతు వచ్చింది, ఎవరో అడిగితే బదులు చెప్పినట్టు నెమ్మదిగా. "అవు. నేనే పోయి తెచ్చుకున్న." ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. తాహేరా తల ఎత్తింది. కిష్టయ్య సారు మైకు తీసుకొని సాంకేతిక విషయాలు తర్వాత మాట్లాడుకుందామని, టీలు ఇవ్వమని చెప్పాడు. సలహాదారు మాత్రం ఆ రెండు గీతల ముందే చాలాసేపు నిలబడ్డాడు. లెక్కలు మళ్లీ చూడాలన్నాడు. సోమవారం అన్న హద్దు మొదలుకాలేదు.

ఇంటికి పోయేటప్పుడు బండి ప్రేమ్‌సింగ్ నడిపాడు. శాలువా సునీల ఒళ్లో ఉంది. తప్పు చేశానా, మంచి చేశానా, తాహేరక్క కోసం అన్నానా, నాకోసమే అన్నానా అని ఆమె లోపల ఇంకా తిరుగుతూనే ఉంది.

"ముందే నాకు చెప్తే ఏం పోతుండె?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"ఊళ్లె లేని నేను చెప్పాల్నా? మీరు ఆ ఇంట్లనే ఉన్నరు గద."

బండి కాలనీ మలుపు తిరిగింది.

"వచ్చే నెల మళ్లా ట్రైనింగు ఉంది, ఈసారి పదిహేను రోజులు" అంది సునీల. "పేరు ఇచ్చిన. మోటరు మీట ఏదో రేపు చూపిస్త."