కల్వర్టు పక్కన చెవి

మడమతో ఒక్క తొక్కు, బొటనవేలితో ఒక్క కదుపు. మేకు నేలను పట్టిందని తెలియగానే మరో నాలుగడుగులు. పొద్దున్నుంచీ ఆమె రోడ్డు పక్క మట్టిలో జియోఫోన్లు నాటుతూనే ఉంది. గుప్పెట్లో పట్టే చిన్న డబ్బా, దాని కింద ఒక మేకు, వెనక తీగ. నేల వణికితే ఆ వణుకును తీగలోకి పంపడం దాని పని. పనివాళ్ళు దాన్ని చెవి అంటారు.

వరస చివర నేలమీద పెట్టిన ఇనుప పలకను సుత్తితో కొడతారు. ఆ దెబ్బ కింద రాతిదాకా వెళ్ళి చెవులను చేరుతుంది. రాయి గట్టిగా ఉన్నచోట చురుగ్గా, పగులు ఉన్నచోట తడబడుతూ వస్తుంది. ఈ రోడ్డు అడుగున నీళ్ళ సొరంగం తవ్వబోతున్నారు. "పెద్ద పగుళ్ళు పటంలోనే దొరుకుతాయి. కళ్ళుగప్పేవన్నీ చిన్నవే" అంటూ ఉంటాడు వ్యానులో తెర ముందు కూర్చునే సారు.

సుత్తి పడేటప్పుడు ఎవరూ కదలకూడదు. పక్కన ఒక్క అడుగు పడినా అది కూడా తెరమీద ఒక్కో చెవి గీసే గీతలోకి ఎక్కుతుంది. అందుకని "ఆగండీ!" అని కేకపెట్టే పని కూడా ఆమెకే వచ్చింది. ఆ కేకకు సైకిళ్ళు ఆగుతాయి, మేకలు కూడా తలెత్తి చూస్తాయి. అలా ఆమెకు ఆగక్క అనే పేరు స్థిరపడింది. సుత్తి కొట్టే బాబాయిది ఆమె తండ్రి వయసు. ఆయనకూ ఆమె ఆగక్కే.

ఇవాళ మాత్రం ఆ ఆగక్కకే కాలు నిలవడం లేదు.

"ఏంటమ్మాయ్, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు? నీ అడుగుల ముందు నా సుత్తి పరువు పోతోంది."

"ఆ కబుర్లేవో తర్వాత చెబుదువుగానీ, ముందు కొట్టు బాబాయ్. చీకటి పడేలోపు నేను ఇంట్లో ఉండాలి."

రేపు తెల్లారకుండానే పనంతా కొండల అవతలికి మారుతోంది. నెల దాకా మకాం అక్కడే. ఏడాదిన్నర పాప ఇంకా తల్లిపాలు తాగుతూనే ఉంది. పొద్దున అత్త నడుం మీద చేయి పెట్టుకుని మరీ చెప్పింది.

"నువ్వెళ్ళాక దాని గోల పడాల్సింది నేను. ఇవాళ్టితో మాన్పించేస్తున్నా."

"ఈ రాత్రికి ఒక్కసారి ఇస్తానత్తయ్యా. ఆఖరిసారి."

"దీపాలు పెట్టే వేళకి వస్తే ఇయ్యి. రాకపోతే నేనే జోకొట్టేస్తా. పడుకున్నదాన్ని లేపావో, ఊరుకోను."

చిన్నప్పటి నుంచీ ఆమెకు దేన్నీ చివరికంటా చేయనిచ్చినవాళ్ళు లేరు. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మ మంచం పట్టింది. నాలుగు రోజులు బడి మానమన్నారు, ఆ నాలుగు రోజులు అలాగే ఉండిపోయాయి. కుట్టుపని నేర్చుకుంటుంటే పెళ్ళి కుదిరింది. ఓ కొట్లో పొట్లాలు కడుతుంటే కొట్టే మూతపడింది. మొగుడు లారీల మీద తిరుగుతాడు, వచ్చినప్పుడే రావడం. ఈ చెవుల వరస ఒక్కటే ఆమె ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసన ముగించే పని. అందుకే ఇందులో ఏ మేకూ వదులుగా ఉండనివ్వదు.

మధ్యాహ్నం ఎండ వాలేసరికి రొమ్ములు గట్టిపడి చొక్కా రాసుకున్నా నొప్పి పుడుతోంది. కల్వర్టు దగ్గర నేల మెత్తగా తగిలింది. ఎవరో గుంత తవ్వి పూడ్చిన మట్టి. దాన్ని గోకి, కింద గట్టినేల తగిలేదాకా వెళ్ళి నాటాలి. ఆమె పొద్దువైపు చూసింది. మేకు దించి, చుట్టూ మట్టి ఎగదోసి, రెండు తొక్కులు తొక్కి ముందుకు నడిచింది. బొటనవేలితో కదిపి చూడలేదు.

సుత్తి దెబ్బలయ్యాక వ్యానులోంచి సారు కేక వినిపించింది.

"దొరికింది పగులు! కల్వర్టు పక్కనే. చూడండి, ఈ ఒక్క గీత ఎలా వెనకబడిందో. మనం వెళ్ళిపోయినా, రేపు బోరువాళ్ళను పంపించి ఇక్కడ వేయించి చూద్దాం."

ఆమె ఆ చెవి వైపు చూసింది. వదులు మట్టిలో ఉన్న చెవి కూడా అలాగే ఆలస్యంగా వింటుంది. తీగలు చుట్టడం మొదలుపెట్టింది. ఇంకాసేపట్లో బస్సెక్కవచ్చు. రెండు చుట్లు చుట్టింది, మూడోది చేతిలోంచి జారింది.

"సార్, అది నేను సరిగ్గా నాటలేదు."

"అంటే?"

"పూడ్చిన మట్టి సార్. పైపైన తొక్కి వచ్చేశాను."

సారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఇంకాసేపట్లో ఫ్యాక్టరీ వదిలే టైమమ్మా. ఆ బళ్ళన్నీ పోయేదాకా ఇక్కడ ఏమీ వినపడదు."

"తెలుసు సార్."

అరచేతులతో మట్టి తోడి, గట్టినేల తగిలాక మేకు దించింది. ఈసారి కదిపి చూసింది. ఆపైన బళ్ళ కోసం నిలబడింది. బస్సులు, మోటారుసైకిళ్ళు, వాటి వెనక మళ్ళీ బస్సులు. ఆకాశం ఎర్రబడి, బూడిదరంగుకు తిరిగింది. దూరంగా ఇళ్ళలో ఒక్కో కిటికీ వెలుగుతుంటే ఆమె చూపు తిప్పుకుంది. రోడ్డు ఖాళీ అయ్యాక "ఆగండీ!" అంది. బాబాయి సుత్తి పడింది.

సారు తెర దగ్గరకు వంగి చాలాసేపు చూశాడు.

"అదే గీత, అలాగే వెనకబడింది. పగులు నిజంగానే ఉందమ్మా. నువ్వు నాటడం వల్ల వచ్చింది కాదు."

బాబాయి సుత్తి కింద పెట్టి తల కొట్టుకున్నాడు. "విన్నావా? అది ముందునుంచీ అక్కడే ఉందట. నోరు మూసుకుని బస్సెక్కుంటే ఈపాటికి ఇంట్లో ఉండేదానివి."

"ఉందో లేదో నాకెలా తెలుస్తుంది బాబాయ్?"

ఆయన ఆమె చేతిలోని తీగల చుట్ట అందుకున్నాడు. "పో తల్లీ. మిగతాది నేను సర్దుతా."

ఇంటి గుమ్మంలో అత్త పెదవి మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చింది. చాపమీద పాప బోర్లా పడుకుని ఉంది. నిద్రలోనే నోరు చప్పరిస్తోంది.

"ఏడ్చిందా?"

"కాసేపు. గుమ్మం వైపు చూసి చూసి, నేను పట్టిన గ్లాసుతోనే తాగేసింది." అత్త గొంతులో పొద్దుటి బింకం లేదు. "కావాలంటే లేపుకోవే. నేనేమీ అనను."

పాప జుట్టు చెమటకు నుదుటికి అంటుకుని ఉంది. ఆమె దాన్ని వేలితో పక్కకు తీసింది.

"వద్దులేత్తయ్యా. మాన్పించారు కదా."

తెలతెలవారుతుండగా వీధి చివర వ్యాను హారన్ మోగింది. వంటగదిలో గోడవైపు తిరిగి నిలబడ్డ ఆమె, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇవతలికి వచ్చి సంచి భుజాన వేసుకుంది. అత్త ఆమెను చూసింది, ఆమె వెనకనున్న వంటగదిని చూసింది.

"లేవగానే పట్టిస్తాలే. నువ్వు జాగ్రత్త."

తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. పొయ్యి గట్టుమీద, సాసరు మూతపెట్టిన స్టీలు గ్లాసులో సగానికి పాలున్నాయి. ఒంటి వేడి ఇంకా పోలేదేమో, సాసరు అడుగున సన్నగా చెమ్మ పట్టి ఉంది.