శుద్ధి చేసిన నీళ్లలో నాలుగు చేపలు

నేను ఒక గాజు తొట్టిని. అద్దాల కొట్లో అయిదు పలకలు కోసి అతికినప్పుడు, ఏ పిల్లలున్న ఇంటికో పోతాననుకున్నాను. అంత అదృష్టమా! రంగుల ఫ్యాక్టరీ మేనేజరు చక్రధర్‌గారు కొనుక్కెళ్లి, మురుగునీళ్లు శుద్ధి చేసే యంత్రం పక్కన నన్ను కూర్చోబెట్టారు. నాలో నాలుగు చేపలు వదిలారు. ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో చేపలు హాయిగా బతుకుతున్నాయని వచ్చినవాళ్లకు చూపించడానికట. నాలో పోసేది మాత్రం కొన్న డబ్బా నీళ్లు!

ఆ నాలుగింటినీ కడుపులో పెట్టుకున్న దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. ఒకటి కాస్త పైకి తేలినా మొప్పలు ఆడుతున్నాయో లేదో చూసుకునేదాన్ని.

"పర్యావరణమూ ముఖ్యమే, లాభమూ ముఖ్యమే. బ్యాలెన్స్ చెయ్యడమే మన పని" అనేవారు చక్రధర్‌గారు. ఆ బ్యాలెన్స్ ఏమిటో నేను రోజూ చూశాను. కరెంటు తినేస్తుందని యంత్రాన్ని ఆపించేవారు. రంగునీళ్లు వచ్చినవి వచ్చినట్టే కాలవలోకి పోయేవి. ఖర్చు తగ్గించాడని పై ఆఫీసువాళ్లు ఆయనకు శాలువా కప్పారు. ఛీ! ఆ శాలువాతోనే వచ్చి నా ముందు ఫొటో దిగాడు.

ఒకరోజు సరుకు కొనే కంపెనీవాళ్లు చూడటానికొస్తున్నారన్నారు. చప్పుడు వినపడాలని పొద్దున్నే యంత్రం ఆడించారు. రంగైతే విరిగింది గానీ, మందులు వెయ్యని ఆ నీళ్లలో విషం అలాగే ఉంది. డబ్బా నీళ్లు మాత్రం రాలేదు. నన్ను కడగడానికి కొత్తగా చేరిన ఆదెమ్మ అటూ ఇటూ చూసింది. బయటికి పోయే కుళాయి మీద 'శుద్ధి చేసిన నీరు' అని బోర్డుంది. కూడబలుక్కుని చదివి, నమ్మి, ఆ నీళ్లే నింపింది.

వాళ్లు వచ్చేసరికి నాలుగూ వెల్లకిలా తేలాయి.

"కరెంటు పోయి చేపలకు గాలి కొట్టే మోటారు ఆగిందండీ" అన్నారు చక్రధర్‌గారు, చెమట తుడుచుకుంటూ.

"మోటారు తిరుగుతానే ఉంది కదయ్యా! నేను ఆ కుళాయి నీళ్లే పోశాను" అంది ఆదెమ్మ. అంతలోనే ఆమెకు ఏదో తట్టింది. "అయ్యా, ఈ నీళ్లేనా మా ఊరి కాలవలోకొచ్చేది? ఆ గట్టు మీద బోరు నీళ్లే మా పిల్ల తాగుద్ది. ఒళ్లంతా దద్దుర్లు. దోమలనుకున్నానే, నా తల్లీ!"

"వీళ్లకి అన్నీ అనుమానాలేనండీ" అని నవ్వబోయారాయన.

ఆదెమ్మ నాలో గ్లాసు ముంచి ఆయన ముందు పెట్టింది. "ఒక్క గుక్క తాగండి. జన్మలో నోరెత్తను."

ఎవరూ ముట్టుకోలేదు. వచ్చినవాళ్లు గ్లాసు వంక చూసి, గడియారాలు చూసుకుని, 'ఇంకో మోటారు ఉంచుకోవాలి' అని రాసుకుని భోజనానికి వెళ్లారు. ఆదెమ్మను పన్లోంచి తీసేశారు. నాలోంచి సీసాడు నీళ్లు పట్టుకుని, చంటిపిల్లలా కొంగులో దాచుకుని గేటు దాటింది. మర్నాడు ఆ సీసా చూసి ఆదెమ్మ ఊరివాళ్లు గట్టు మీది బోరుకు గొలుసు కట్టి తాళం వేశారని వాచ్‌మెన్ చెప్పుకుంటుంటే విన్నాను. ఇప్పుడు వాళ్లంతా రెండు మైళ్లు నడిచి నీళ్లు తెచ్చుకుంటున్నారట. పోనీ, ఆ పిల్ల తాగడం మానింది. అప్పటిదాకా తాగిందంతా ఒంట్లో ఏం చేస్తుందోనని నా భయం.

ఇక్కడ మాత్రం కాలవలోకి పోయే రంగునీళ్లు ఆగలేదు. ఇప్పుడు నాలో ప్లాస్టిక్ చేపలు ఈదుతున్నాయి. అవి చావవు. అందుకే చక్రధర్‌గారికి అవంటే అంత ముద్దు.