పదకొండో బ్రాకెట్

మెట్లాయన కంప్యూటర్ తెర తుడిచి, కళ్ళజోడు తుడిచి, మళ్ళీ తెర తుడిచి, చివరికి నోట్‌ప్యాడ్ తెరిచాడు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, అంతకు మించి ఏ హంగూ లేదు. మెట్ల పక్కన రెయిలింగ్‌ను దానంతట అదే గీసిపెట్టే ప్రోగ్రాం సగంలో ఉంది. దాన్ని ఇవాళే ముగించాలి. రేపయితే ముగించినా ఒకటే, ముగించకపోయినా ఒకటే.

ఆ ఆఫీసులో కట్టబోయే భవనాలకు డ్రాయింగులు గీస్తారు. ఎవరు ఏం గీస్తారో అదే వాళ్ళ పేరు. పైపులు గీసేవాడు పైపులాయన, వైరింగ్ గీసేవాడు కరెంటాయన. ఇతను చేరిన నాటి నుంచీ మెట్లే గీశాడు. ఊళ్ళో చాలా భవనాల మెట్లు ఇతని చేతి మీదుగా వెళ్ళినవే. వాటిలో ఒక్కదాన్నయినా ఎక్కి చూసిన పాపాన పోలేదు. సన్నగా, కాస్త ముందుకు వంగి, కాలరు అరిగిన చొక్కాలో ఉండే మనిషి. వంక పెట్టడానికి వీల్లేనిది గొంతు ఒక్కటే. ఏది చదివినా వినబుద్ధేస్తుంది.

ఎదురు బల్ల దగ్గర తలుపులావిడ కూర్చుంటుంది. తలుపులూ కిటికీలూ ఆవిడవి. గుండ్రటి మొహం, నెరిసిన జుట్టును బిగించి చుట్టిన ముడి, కుడి చూపుడు వేలికి సగం దాకా ఎర్రటి రబ్బరు తొడుగు. ఒకదానికొకటి అంటుకుపోయే పెద్ద డ్రాయింగు కాగితాలను విడదీయడానికి వేసుకుంటుంది దాన్ని. తీయడం మరిచిపోయి దానితోనే టీ తాగుతుంది, దానితోనే ఫోన్ మాట్లాడుతుంది. ఇవాళ ఆమెకు ఈ ఆఫీసులో ఆఖరి రోజు. వేరే ఊళ్ళో ఒంటరిగా ఉన్న చెల్లెలికి చూపు మందగించిందట, అందుకని ఉద్యోగం మానేసి వెళ్ళిపోతోంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇక్కడ ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

ఆపాలనుకునేవాడు ఒకడున్నాడు గానీ, నోరు పెగలదు.

పొద్దున ఇంట్లో క్యారేజీ చేతికిస్తూ అక్క అడగనే అడిగింది. "ఇవాళైనా ఆవిడతో ఏమైనా అంటావా? లేకపోతే బస్సెక్కాక వచ్చి నాతో చెప్పుకుంటావా?"

"ఏమనాలక్కా?"

"అది కూడా నేనే నేర్పాలిరా నీకు! ఉండిపొమ్మని అడుగు. అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

అతను చెప్పులు వేసుకుని వచ్చేశాడు. అతన్ని పెంచింది ఆ అక్కే. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా "చూద్దాంలే" అన్నాడు. చూస్తూ ఉండగానే చూడవలసిన వయసు దాటిపోయింది. దాటిపోయాకే ఈవిడ వచ్చి ఎదురు బల్ల దగ్గర కూర్చుంది.

ఇద్దరినీ కలిపింది లిస్ప్ అనే కంప్యూటర్ భాష. ఒకే రకం బొమ్మను వందసార్లు గీసే బాధ తప్పించుకోవడానికి, డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌కు ఆ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసిపెట్టుకోవచ్చు. ఎత్తు ఎంతో చెబితే చాలు, మెట్లు అవే దిగుతాయి. అయితే ఆ భాషకు బ్రాకెట్ల పిచ్చి. ఏ మాటయినా బ్రాకెట్ల మధ్యే ఉండాలి. బ్రాకెట్లో బ్రాకెట్, అందులో ఇంకో బ్రాకెట్. తెరిచిన ప్రతిదాన్నీ ఎక్కడో ఒకచోట మూయాలి. ఒక్కటి తప్పిందా, సాఫ్ట్‌వేర్ మొహం తిప్పుకుంటుంది. ఎక్కడ తప్పిందో మాత్రం చచ్చినా చెప్పదు.

నేర్చుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నమంతా అతను అలా జుట్టు పీక్కుంటుంటే తలుపులావిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "మీరు పైకి చదవండి, నేను వేళ్ళు మడుస్తాను," అంది. అతను "తెరు" అన్నప్పుడల్లా ఒక వేలు మడిచింది, "మూయి" అన్నప్పుడల్లా ఒకటి విప్పింది. చివర ఒక వేలు మడతలోనే ఉండిపోయింది. అదే దొరకని బ్రాకెట్. అప్పటి నుంచీ ఏ ప్రోగ్రాం ముగించినా అతను తల ఎత్తి, "ఓసారి వేళ్ళు కావాలండీ," అంటాడు. ఆమె వస్తుంది. మిగతావాళ్ళు నవ్వుకుని నవ్వుకుని చివరికి మానేశారు. మనసు బాగోలేని రోజుల్లో, సరిగ్గా ఉన్న ప్రోగ్రాంలోంచి కూడా అతను ఒక బ్రాకెట్ చెరిపేసి ఆమెను పిలిచేవాడు. తలుపుల కోసం ఆమె కూడా ప్రోగ్రాంలు రాసుకునేది గానీ, అతని వేళ్ళు ఎప్పుడూ అడగలేదు. ఆవిడ జాగ్రత్త మనిషి, తప్పులు చేయదు అనుకున్నాడు.

ఒకే ఒక్కసారి మాత్రం, చాలాకాలం క్రితం, బ్రాకెట్ల లోతు పది దాటింది. ఆమె రెండు పిడికిళ్ళూ బిగిసిపోయి ఉన్నాయి. "నావి అయిపోయాయండీ, మీదొకటి ఇలా ఇవ్వండి," అంటూ పిడికిలితోనే అతని చిటికెన వేలిని నెట్టి మడిచింది. అంతే జరిగింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక అతను భోజనం కూడా సరిగ్గా చేయలేకపోయాడు. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మెట్లలో అంత లోతు మళ్ళీ రాలేదు. ఇవాళ రెయిలింగ్‌లో రప్పిస్తున్నాడు. రెండు ముక్కలుగా రాయవలసిన దాన్ని పట్టుబట్టి ఒకదానిలో ఒకటి దూరుస్తున్నాడు. బుద్ధున్నవాడెవడూ అలా రాయడు.

భోజనాల ముందు, జేబులో స్క్రూడ్రైవర్‌తో కంప్యూటర్లు చూసే ఆయన వచ్చి నిలబడ్డాడు. "సాయంత్రానికి పాత మెషిన్లన్నీ మార్చేస్తున్నామండీ. ఇంకా నోట్‌ప్యాడ్‌లో కోడ్ రాసేది మీరొక్కరే. మంచి ఎడిటర్ ఒకటి తేల్చి చెప్పండి, వేసేస్తాను."

ఆయన తెరిచి చూపించిన వాటిలో మొదటిది డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చేది. అక్షరాలు చిన్నవన్నాడు మెట్లాయన. ఆయన పెద్దవి చేసి చూపించాడు. ఇప్పుడు మరీ పెద్దవన్నాడు. రెండోదాని తెర నల్లగా ఉంది, కళ్ళు లాగుతున్నాయన్నాడు. మూడోది రంగులది. అందులో ఒక బ్రాకెట్ కొట్టగానే రెండోది దానంతట అదే వచ్చి కూర్చుంది.

"మూయమని నేను చెప్పలేదే!"

"చెప్పక్కర్లేదండీ, అదే దీని గొప్ప. జత తప్పితే ఎర్రగా చూపిస్తుంది. ఇంక మీకు ఆ వేళ్ళ గోల ఉండదు."

ఆ గోల కోసమే ఇన్నేళ్ళూ నోట్‌ప్యాడ్‌ను పట్టుకు వేలాడానని ఆ మానవుడికి ఎలా చెప్పడం? ఇలాంటి ఎడిటర్లు ఉన్నాయని అతనికి ఎప్పుడో తెలుసు. తెలిసే వద్దనుకున్నాడు. జతలు చూపించడం నోట్‌ప్యాడ్‌కు చేతకాదు. చేతకాదు కాబట్టే ఆమె వచ్చి పక్కన కూర్చునేది.

"సాయంత్రం చెప్తాను," అన్నాడు.

మధ్యాహ్నానికి ప్రోగ్రాం ముగిసింది. అతను తల ఎత్తాడు. ఆమె సొరుగు ఖాళీ చేస్తోంది.

"ఓసారి వేళ్ళు కావాలండీ."

ఆమె వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "తెరు, డెఫన్, రెయిలింగ్... తెరు, ఇఫ్... తెరు, యాండ్..." వేళ్ళు ఒక్కొక్కటే మడతపడుతున్నాయి. ఎడమ చెయ్యి అయిపోయింది. కుడి చెయ్యి అయిపోయింది. అతని చెయ్యి అప్పటికే బల్ల మీద సిద్ధంగా ఉంది. "తెరు," అన్నాడు పదకొండోసారి. ఆమె పిడికిలి వచ్చి చిటికెన వేలిని మడిచింది.

వెంటనే "మూయి" చదవవలసి వచ్చింది.

అన్నిటికంటే ఆఖరున తెరిచిన బ్రాకెట్టే అన్నిటికంటే ముందు మూతపడుతుంది. లిస్ప్ నేర్చుకున్న మొదటి రోజే తెలిసే సంగతి. రోజంతా కష్టపడి లోతు తవ్వినవాడికి ఆ మాట గుర్తు రాలేదు. ఆమె అతని వేలిని విప్పింది. తర్వాత వరుసగా తనవి విప్పుకుంటూ వచ్చింది. చివరి "మూయి"కి పది వేళ్ళూ ఇద్దరి ముందూ బారజాపుకుని ఉన్నాయి. లెక్క పొల్లు పోకుండా సరిపోయింది.

ఆమె ఆ వేళ్ళ వంకే కాసేపు చూసింది.

"ఎక్కడో తప్పినట్టుందండీ," అంది. "మళ్ళీ మొదటి నుంచి చదవండి."

అంటూ రబ్బరు తొడుగు లాగేసి, అతని తెర కింద పెట్టింది. అతను చదివాడు. ఈసారి పదకొండోదాని దగ్గర ఆమె లెక్కను గాలికి వదిలేసి, కుడి చెయ్యి విప్పి, అతని చిటికెన వేలిని మడిచి గుప్పిట్లో పట్టుకుంది. "మూయి," అన్నాడు. ఆమె విడవలేదు. "మూయి... మూయి..." అతని గొంతు ఎన్నడూ లేనిది ఒణికింది. ఆమె చెయ్యి వెచ్చగా, కాస్త గరుకుగా ఉంది. ఇప్పుడు అడుగు, ఇప్పుడే అడుగు అని లోపల అక్క గొంతు పొడుస్తూనే ఉంది. అతను తెర మీద ఉన్నదే చదువుకుంటూ పోయాడు. చివరి బ్రాకెట్ కూడా అయిపోయింది.

"సరిపోయింది," అని ఆమె వేలు వదిలి లేచింది.

సాయంత్రం టీ, బిస్కెట్లు, ఒక గోడగడియారం. ఇకనుంచి ఈ ఆఫీసు గీసే ఇళ్ళకు గోడలే గానీ తలుపులుండవని పైపులాయన అంటే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. సంచీ భుజాన వేసుకుని చివరగా మెట్లాయన బల్ల దగ్గర ఆగింది.

"వెళ్తున్నానండీ. రెయిలింగ్ బాగా కుదిరింది."

"మంచిదండీ," అన్నాడతను.

ఆమె ఇంకొక్క క్షణం నిలబడింది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అందరూ సర్దుకుంటుండగా కంప్యూటర్లు చూసే ఆయన మళ్ళీ వచ్చాడు. "ఏం తేల్చారండీ? పోనీ తలుపులావిడ మెషిన్లో ఉన్నదే మీకూ వేసేయనా? ఆ రంగులదే."

"ఆవిడ దగ్గరుందా?"

"ఎప్పటి నుంచో! నేను ఇక్కడ చేరిన కొత్తలోనే అడిగి మరీ వేయించుకున్నారు. మీకూ వేస్తానంటే వద్దన్నారు. 'ఆయనతో ఈ మాట అనకండి, ఆయనకి నోట్‌ప్యాడే బాగుంటుంది,' అన్నారు."

మెట్లాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద బస్టాపు ఖాళీగా ఉంది. ఆమెకు తన వేళ్ళ అవసరం ఎన్నడూ లేదు. అతనికీ ఆమె వేళ్ళ అవసరం లేదని ఆమెకు తెలుసు. తెలిసే, పిలిచినప్పుడల్లా చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుంది. అతను అడుగుతాడేమోనని ఎదురుచూసింది. ఆ సంగతి ఇప్పుడు అర్థమైంది మహానుభావుడికి.

"ఆవిడదే వేయండి," అన్నాడు.

కొత్త తెర మీద రెయిలింగ్ ప్రోగ్రాం రంగురంగులుగా తెరుచుకుంది. అతను మొట్టమొదటి బ్రాకెట్ మీద కర్సర్ పెట్టాడు. ఎక్కడో అట్టడుగున దాని జత వెలిగింది. "తెరు," అన్నాడు అలవాటు కొద్దీ, మంచి గొంతుతోనే. పక్కన స్టూలు ఉంది. తెర కింద ఎర్రటి రబ్బరు తొడుగు పడి ఉంది, ఏళ్ళ తరబడి మడిచి విప్పి, మడిచి విప్పి, సరిగ్గా వేలు వంగే చోట దానికి ఒక గీత పడింది.