నలభై రోజులు ఆగని యంత్రం

సాయంత్రం ఆరింటికి బొంగరం లేచేలోపు నేల మీద వస్తువన్నది కనిపించకూడదు. అది ఆ ఇంటి కొత్త చట్టం. ఎవరూ గట్టిగా చెప్పింది లేదు, గోడకి అంటించింది లేదు. అది తన ఒక్కదానికే వర్తిస్తుందని మాత్రం ఆమెకి మొదటిరోజే అర్థమైపోయింది. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసి చేసి అయిదుంబావుకి ఇల్లు చేరేది. బ్యాగు తలుపు కొక్కేనికి తగిలించి, ముఖమైనా కడుక్కోకుండా నడుం వంచేది. ముందు హాల్లో ఛార్జర్ల వైర్లు చుట్టి సోఫా మీద పెట్టాలి. కార్పెట్టు కుచ్చులు లోపలికి మడవాలి. సోఫా కింద పాప పూసలు, మంచం కింద పాప సాక్సు, టీవీ ముందు అత్తగారి ఊలు బుట్ట, ఆవిడ చెప్పులు, భర్త నిన్న చదివి వదిలేసిన కాగితాలు. ఆ తర్వాత భోజనాల బల్ల చుట్టూ ఉన్న ఆరు కుర్చీలూ ఒక్కొక్కటే ఎత్తి బల్ల మీద బోర్లించాలి. ఆరో కుర్చీ ఎత్తేటప్పటికి నడుం నీదా నాదా అన్నట్టుండేది. సరిగ్గా అప్పుడు మూలనున్న బొంగరం కిలకిలమని ఓ పాట పాడి, పచ్చలైటు వెలిగించుకుని, హుందాగా బయలుదేరేది.

బొంగరమంటే నేల ఊడ్చే రోబో. పెద్ద పళ్ళెమంత ఉంటుంది, నల్లగా, గుండ్రంగా. ఆ పేరు పదేళ్ళ పాప పెట్టింది. ఆమె నలభయ్యో పుట్టినరోజుకి భర్త తెచ్చాడు దాన్ని. పెట్టె విప్పుతూ, "ఇంక నీకు ఇంట్లో పనేముంది, మహారాణివి!" అన్నాడు. తన ఫోన్లో దానికి టైము పెట్టాడు, గదులకి పేర్లు పెట్టాడు. దాని ఛార్జింగ్ అరుగుకి రెండువైపులా చెరో మూరెడు జాగా వదలాలని పుస్తకంలో రాసుందని, పదినిమిషాల్లో చెప్పుల స్టాండు జరిపించి, కిటికీ కింద గోడంతా దానికి రాసిచ్చేశాడు. ఆమె నవ్వుతూనే చూసింది. ఆ కిటికీ కింద ఓ చిన్న బల్ల వేసుకుని చదువుకుంటానని ఎనిమిదేళ్ళుగా అడుగుతోంది. "హాలు ఇరుకవుతుంది" అనేవాడు. ఆమె పుస్తకాలు ఇప్పటికీ బట్టల అలమారా పైన, దుప్పట్ల కింద ఉన్నాయి.

ఆమెను ఎక్కువగా పొడిచింది ఇంకొకటి. బొంగరం సోఫా దగ్గరికి రాగానే ఆయన రెండు కాళ్ళూ గాల్లోకి లేపి, "వెళ్ళమ్మా, వెళ్ళు" అని ముద్దుగా దారి ఇచ్చేవాడు. పదమూడేళ్ళు ఆమె చీపురు పట్టుకుని అదే సోఫా ముందు నిలబడితే, "కాసేపాగి ఊడవకూడదూ, మ్యాచ్ చూస్తున్నాను కదా" అన్న మనిషే. అది తలుపు సందులో తలకొట్టుకుంటే పాప పరుగున వెళ్ళి దాని వీపు నిమిరేది. అత్తగారు కూడా, "పాపం గంట నుంచీ తిరుగుతోంది, కాస్త రెస్టియ్యండిరా దానికి" అనేవారు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ మాట విన్నరోజు ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియక కుళాయి ఇంకాస్త జోరుగా తిప్పింది.

పని అయ్యాక అది భర్త ఫోనుకి కబురు పంపేది. ఎన్ని నిమిషాలు ఊడ్చిందో, ఎంత నేల ఊడ్చిందో, నూటికి ఎన్ని పాళ్ళు పూర్తయిందో. మర్నాడు ఆయన బీమా ఆఫీసులో కూర్చుని ఆ కబురు పక్కవాళ్ళకి చూపించేవాడట. "ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు తెలుసా! అడ్డమొస్తే అదే తప్పించుకుంటుంది, భలే తెలివి" అనేవాడు ఇంటికొచ్చి. ఆ తెలివి ఎవరిదో చెప్పాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చేది. చెప్తే, "అబ్బ, నాలుగు వస్తువులు పక్కకి పెట్టడం కూడా ఒక పనేనా?" అంటాడని కూడా తెలుసు. అదీ నిజమే. నాలుగు వస్తువులు తీయడం పని కాదు. అన్నం వడ్డించడమూ, పాప లెక్కలు చూడటమూ, అత్తగారి బీపీ మాత్రలు గుర్తుపెట్టుకోవడమూ ఏదీ విడిగా పని కాదు. ఒక్కోటి చిటికెలో అయిపోయేదే. ఆ చిటికెలన్నీ కలిసి తన పదమూడేళ్ళ కాపురంలో సగం తినేశాయని ఆమె ఎవరికి చెప్పాలి?

ల్యాబ్‌లోనూ ఇదే కథ. రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం అక్కడా ఒకటుంది. ట్యూబులో రక్తం గడ్డ కట్టిందేమో చూసి, అనుమానమొస్తే స్లైడు తీసి మైక్రోస్కోపు కింద తన కళ్ళతో వెతికి, యంత్రం తప్పును పట్టుకునేది ఆమె. రిపోర్టు కింద సంతకం మాత్రం ఇన్‌ఛార్జిది. ఆ ఇన్‌ఛార్జి ఆరేళ్ళ కిందట ఆమె దగ్గరే సూది పట్టుకోవడం నేర్చుకున్న కుర్రది. పదోన్నతికి ఆరునెలల శిక్షణ తప్పనిసరి. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. రెండుసార్లు అవకాశం వచ్చింది, రెండుసార్లూ ఆమె వద్దంది. "ఆవిడకి ఇల్లుందిలే" అనేవారు తోటివాళ్ళు, తామేదో చెట్ల కింద కాపురముంటున్నట్టు.

ఈసారి ల్యాబ్ పెద్ద డాక్టరుగారు ఆమెను పిలిపించి ఆ శిక్షణ దరఖాస్తు చేతిలో పెట్టారు. "ఇది మూడోసారమ్మా. వచ్చే సోమవారం తరగతులు మొదలు. శనివారం పొద్దున్న నా బల్ల మీద ఇది ఉంటే నీ పేరు రాస్తాను. లేకపోతే ఇంకొకరి పేరు రాస్తాను, మళ్ళీ నిన్ను అడగను. నాకూ వచ్చే ఏడు రిటైర్‌మెంటు."

బొంగరం వచ్చింది కదా, ఇక అడ్డేముందిలే అని ఆశపడి ఆ సాయంత్రమే భర్తను కదిపింది.

"సాయంత్రాలంటే ఎలాగ? ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నాడాయన ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఇంట్లో ఇంక పనేముంది అన్నారుగా, మిషను వచ్చాక."

"మిషను ఇల్లు ఊడుస్తుందోయ్. ఇల్లు నడపదు కదా!" అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

దరఖాస్తు అయిదు రోజులు బ్యాగులోనే ఉండిపోయింది. ల్యాబ్‌లో తీసి చూసుకునేది, మళ్ళీ మడిచి పెట్టుకునేది. శుక్రవారానికి ఆ మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది.

ఆ శుక్రవారమే బొంగరాన్ని చూడటానికి చుట్టాలొచ్చినట్టు మనుషులొస్తున్నారు. భర్త ఆఫీసులో పక్క సీటాయన, ఆయన భార్య. ఆవిడ బడిలో టీచరు. వాళ్ళూ ఒకటి కొనాలనుకుంటున్నారు, పని చేస్తుండగా కళ్ళారా చూడాలట. భర్త తొందరగా ఇంటికొచ్చి, తల దువ్వుకుని, సోఫాలో పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. ఆమె అలవాటుగా బ్యాగు తగిలించి, మొదటి వైరు అందుకోవడానికి వంగింది.

"అబ్బ, వచ్చీ రాగానే ఏమిటోయ్ ఆ హడావిడి! ఇవాళ నువ్వేం చెయ్యక్కర్లేదు. దాని పని అది చేసుకుంటుంది. నువ్వు హాయిగా కూర్చో" అన్నాడాయన.

ఆమె చెయ్యి వైరు దగ్గరే ఆగింది. ఈ మాట నలభై రోజులుగా వింటూనే ఉంది. ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు, అదే చిత్రం. కళ్ళెదుట వంగి లేస్తున్న మనిషిని చూస్తూ, ఆ వంగి లేవడం పని కాదు, ఆమె స్వభావం అనుకుంటాడు. కొందరికి గోళ్ళు కొరికే అలవాటున్నట్టు ఈమెకి కుర్చీలెత్తే అలవాటు. ఆమెకి కోపమొచ్చింది. కోపమే. ఇన్నాళ్ళూ దాన్ని అలసట అనుకుని పొరబడింది. సరే, కూర్చోమంటున్నాడు కదా. పదమూడేళ్ళ కాపురంలో మొగుడు చెప్పిన మాట అక్షరాలా విని చూద్దాం ఒక్కసారి, అనుకుంది. నడుం నిటారుగా చేసింది. బ్యాగులోంచి దరఖాస్తు, పెన్ను తీసింది. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ లాక్కుని హాయిగా కూర్చుని, మొదటి గడిలో తన పేరు రాయడం మొదలుపెట్టింది.

అతిథులొచ్చారు. కాఫీలు ఎవరు తెస్తారా అని భర్త అటూ ఇటూ చూశాడు. ఆమె పుట్టినతేదీ రాస్తోంది. ఆయనే లేచి మంచినీళ్ళు తెచ్చాడు. సరిగ్గా ఆరింటికి బొంగరం పాట పాడి బయలుదేరింది.

"చూడండి, చూడండి. ముందు గోడల వెంట వెళ్తుంది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు భర్త.

"మరి కుర్చీలూ అవీ?" అంది టీచరు.

"కుర్చీలకేమండీ, వాటి దారిన అవుంటాయి, దీని దారిన ఇదెళ్తుంది."

నాలుగు గజాలు బాగానే వెళ్ళింది. కార్పెట్టు కుచ్చు నోట పెట్టుకుని కాసేపు తగువాడింది. వదిలించుకుని టీవీ ముందుకెళ్ళి అత్తగారి ఊలు బుట్టను ఢీకొట్టింది. బుట్ట బోర్లా పడింది. నీలం ఊలుండ దొర్లింది. దాని కొస బొంగరం కింద బ్రష్షుకి చుట్టుకుంది. ఇక చూడాలి దాని వైభవం! ఊలు పోగు లాక్కుంటూ బల్ల కిందికి దూరింది, ఆరు కుర్చీల కాళ్ళ మధ్యనుంచి అల్లుకుంటూ వచ్చింది, టీచరు కాలి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. దారిలో భర్త ఛార్జరు వైరు కూడా మింగి, దాంతో పాటు ఫోన్ని బల్ల మీదనుంచి కిందికి లాగి, సోఫా కింద దూరి గుర్రుమంది. ఎర్రలైటు వెలిగింది. "నేను చిక్కుకుపోయాను. దయచేసి సహాయం చెయ్యండి" అంది పెద్ద గొంతుతో.

పాప పొట్ట పట్టుకుని నవ్వింది. భర్త మోకాళ్ళ మీద పడి సోఫా కిందికి చెయ్యి పెట్టాడు. పక్క సీటాయన టార్చి పట్టాడు. భర్త నడుం అలా నేలకి వంగగా ఆమె చూడటం అదే మొదటిసారి. వీపు మీద చొక్కా బిగుసుకుంది, చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కాగితం మీద అనుభవం అన్నచోట పదహారేళ్ళు అని రాసింది.

"రోజూ ఇంతేనాండీ?" అన్నాడు పక్క సీటాయన.

"అబ్బే! నలభై రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. ఇవాళేమిటో..." అన్నాడు భర్త సోఫా కిందనుంచి.

అప్పుడు కత్తెర పట్టుకుని అత్తగారొచ్చారు. కుర్చీల మధ్య సాలెగూడులా అల్లుకున్న తన ఊలు వైపు చూశారు, కోడలి వైపు చూశారు, నేల మీద కొడుకు వైపు చూశారు. "నలభై రోజులుగా నా బుట్ట రోజూ అయిదున్నరకి సోఫా ఎక్కి కూర్చుంటోందిరా" అన్నారు. "బుట్టకి కాళ్ళున్నాయనుకున్నావా?"

టీచరు ముందు కిసుక్కుమంది. తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏం రాస్తున్నారండీ?" అని అడిగింది. ఆ సాయంత్రం ఆమెను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

అతిథులు వెళ్ళాక భర్త చేతులకి అంటిన దుమ్ము చూసుకుంటూ నిలబడ్డాడు. "పరువు తీశావు. అవన్నీ తియ్యాలని ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు.

"కూర్చోమన్నారు. కూర్చున్నాను."

"అది కాదు. రోజూ నువ్వు తీస్తున్నావని నాకెలా తెలుస్తుంది?"

"నేను వంగుతుంటే నన్ను దాటుకుంటూ వెళ్ళి టీవీ పెట్టుకునేవారు" అందామె. గొంతు పెరగలేదు. పెరగనందుకు తనకే ఆశ్చర్యమేసింది. "సోమవారం నుంచి శిక్షణకి వెళ్తున్నాను. వారానికి మూడురోజులు, ఎనిమిదింటికి వస్తాను. ఆరు నెలలు."

"కుదురుతుందంటావా?"

"అడగట్లేదండీ. చెప్తున్నాను."

ఆయన తల్లి వైపు తిరిగాడు, ఏమైనా అనవే అన్నట్టు. ఆవిడ తెగిన ఊలు ముక్కలు ముడేసుకుంటున్నారు. "నావైపు చూడకు. నా బుట్ట నేను తీసుకుంటాను. నీ వైర్లు నువ్వు తీసుకో" అన్నారు. ఆ మాటలో ప్రేమేమీ లేదు, ఊలు పోయిన ఉక్రోషమే ఎక్కువ. అయినా ఆమెకి చాలు.

శనివారం పొద్దున్న మడతలు పడిన ఆ దరఖాస్తు పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఉంది.

రెండోవారం బుధవారం. ఆసుపత్రి పై అంతస్తులో తరగతి. పన్నెండుమందిలో ఆమే పెద్దది. తెర మీద ఒక స్లైడు చూపించి, యంత్రం దీన్ని మామూలు రక్తమని రిపోర్టిచ్చింది, ఒప్పుకుంటారా అని అడిగారు పాఠం చెప్పే డాక్టరు. పిల్లలందరూ ఒప్పుకున్నారు. ఆమె లేచి, "లేదండీ. ఎడమవైపు కింద, ఆ మూడు కణాలు చూడండి. ముదరని కణాలవి, రక్తంలోకి రాకూడనివి. ఈ మనిషిని ఇవాళే పిలిపించాలి" అంది. డాక్టరు తెర వైపు తిరిగి, మళ్ళీ ఆమె వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నారు. గది మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆమెకి ఒళ్ళంతా వెచ్చబడింది. ఈ సంతోషాన్ని ఎవరితోనూ పంచుకోవాలనిపించలేదు, మొత్తం తనే ఉంచుకోవాలనిపించింది.

అప్పుడే ఆమె ఫోను వణికింది. భర్త. ఆగింది, మళ్ళీ వణికింది. టైము ఆరుంబావు.

"ఇంటినుంచా?" అన్నారు డాక్టరు. "ఫర్వాలేదు, వెళ్ళి మాట్లాడి రండి. మేం ఆగుతాం."

ఆమె ఫోను బోర్లించి, పెన్ను చేతిలోకి తీసుకుంది.

"అక్కర్లేదండీ. ఇంట్లో మనుషులున్నారు."