శాంతవ్వకొచ్చిన వాగ్దానం

సుధాకర్ అలిగి చర్చి మెట్లు దిగి ఇరవై రెండేళ్లయింది. అలకలకు కూడా ఒక వయసుంటుందనీ, నాలుగు పండుగలు పోతే వాటంతటవే ఉడిగిపోతాయనీ పెద్దలంటారు. సుధాకర్ అలక మాత్రం ఏటేటా బలిసింది.

కారణం పెద్దదేమీ కాదు. అతను తాండూరులో బండలు పరిచే మేస్త్రీ. వారమంతా ఎవరెవరి ఇళ్లలోనో మోకాళ్ల మీద కూర్చుని నాపరాళ్లు పరిచేవాడు. ఆదివారం చర్చిలో చాప మీద కూర్చుని డోలక్ వాయించేవాడు. అతని చెయ్యి పడితే నిద్రపోయే ముసలమ్మల తలలు కూడా ఊగేవి. 2002 క్రిస్మస్‌కు కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు హైదరాబాదు నుంచి కీబోర్డు తెప్పించాడు. అందులో ఒక మీట నొక్కితే డోలక్, తబలా, తాళాలు అన్నీ అవే మోగుతాయి. "ఈసారికి నువ్వు ఊరికే కూర్చుని పాడు సుధాకర్" అన్నాడు ఆయన నిండు సభలో. చెడ్డగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. సుధాకర్ డోలక్ భుజానికెత్తుకుని, పాట నడుస్తుండగానే జనం మధ్యలోంచి బయటికి నడిచాడు. కింది మెట్టు మీద నిలబడి, "మళ్ల గీ మెట్లెక్కితే నన్ను సుధాకర్ అనకుండ్రి" అని ఇంటికి పోయాడు. అయ్యగారి మీది కోపం దేవుడి మీద చూపించాడన్నమాట. అత్త మీది కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు.

ఆ అయ్యగారు నాలుగేళ్లకు బదిలీ అయిపోయాడు. ఆయన తర్వాత ఐదుగురు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలోనే ఇంటికొచ్చి బతిమాలారు. సుధాకర్ వాళ్లకు కుర్చీ వేసి, చాయ్ తాగించి, మీ క్వార్టర్లో ఎక్కడైనా బండ కదులుతుంటే చెప్పండి, ఊరికే సరిచేసి పెడతానని చెప్పి పంపించేవాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇంకా విచిత్రమేమిటంటే, ప్రతి ఆదివారం భార్య శాంతవ్వను చర్చికి తీసుకుపోయేది అతనే. మొదట సైకిల్ మీద, తర్వాత టీవీఎస్ బండి మీద. ఆమెను గేటు దగ్గర దించి, రోడ్డుకు అవతలి హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగి, ఆరాధన అయ్యాక మళ్లీ ఎక్కించుకునేవాడు. దారిలో, "రెండో పాటకు తాళం తప్పిండ్రు" అనేవాడు.

"నీకెవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? రోడ్డు దాక ఇనొస్తది."

శాంతవ్వకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. మనిషి అవతల ఉండి చెవిని మాత్రం ఇవతల పారేసుకున్నాడు. ఆ చెవి వెనకాలే మనిషి కూడా ఏదో ఒక ఆదివారం వస్తాడని ఆమె ఆశ.

వట్టి ఆశ కాదు, ఆమెకొక ఆధారం ఉంది. ఆ చర్చిలో కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధనలో అందరూ పళ్లెంలోంచి తలా ఒక వాగ్దానపు కార్డు తీస్తారు. అరచేతిలో సగముంటుంది. పైన పువ్వు బొమ్మ, కింద ఒక వాక్యం. కళ్లు మూసుకుని తీయాలి, ఒకరిది ఒకరు మార్చుకోకూడదు. ఎవరికేది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. సుధాకర్ అలిగిన వారానికే, 2003 జనవరి ఒకటిన, శాంతవ్వ ఏడుస్తూ ఒక కార్డు తీసింది. ఆమెకు చదువు రాదు. పక్కన కూర్చున్న తోటికోడలు బుగ్గమ్మ మిషన్ హాస్టల్లో ఐదో తరగతి దాకా చదివింది కనుక ఆమే చదివి చెప్పింది. దూరమైపోయిన నీ ఇంటివాణ్ణి నేనే చెయ్యి పట్టుకుని నా మందిరానికి తీసుకొస్తాననే అర్థం వచ్చే మాట. అంత సూటిగా దేవుడు ఎవరితోనూ మాట్లాడి ఉండడని శాంతవ్వకు ఒళ్లు జలదరించింది.

మిగతావాళ్ల కార్డులు ఏడాది తిరిగేసరికి ఎక్కడ పడిపోయేవో వాళ్లకే తెలియదు. శాంతవ్వ తన కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకుంది. పప్పు మిల్లులో పనికి పోయినా, పెళ్లికి పోయినా అది ఆమె వెంటే ఉండేది. ఏటా కొత్త కార్డు తీసేది కానీ అది మర్యాద కోసం. నమ్మింది మాత్రం పాతదాన్నే.

ప్రతి జనవరి ఒకటిన సాక్ష్యాలు చెప్పే వేళ ఆమె లేచి నిలబడేది. "నా పెనిమిటిని దేవుడు తోలుకొస్తా అన్నడు. ఇంక తోలుకరాలె. తోలుకొస్తడు" అని చెప్పి కూర్చునేది. మొదటి రెండేళ్లు చర్చంతా ఆమేన్ అంది. ఐదో ఏటికి సగంమంది అన్నారు. పదో ఏటికి పడుచు కోడళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. శాంతవ్వ అది చూసింది. మరుసటి ఏడు మళ్లీ లేచింది.

మొన్న డిసెంబరు ఆఖరి వారంలో వికారాబాద్ నుంచి, తల్లిని తన దగ్గరే ఉంచుకున్న బుగ్గమ్మ కూతురు మనీషా ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మకు పానం బాగుంటలేదు. నిన్ను ఒక్కసారి రమ్మంటున్నది, జల్దీ రా" అంది. శాంతవ్వ మరునాడు పొద్దున్నే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ధారూర్ స్టేషన్లో రైలు ఆగగానే ఆమెకు అక్కడి పాత క్రైస్తవ జాతరలు గుర్తొచ్చాయి. నవంబరులో రెండు కుటుంబాలూ ఒకే ఎడ్లబండి కట్టుకుని తాండూరు నుంచి వచ్చేవి. వాగు ఒడ్డున చెట్టు కింద వారం రోజులు కాపురం. మూడు రాళ్ల పొయ్యి మీద బుగ్గమ్మ వంట. మంచి ముక్కలన్నీ అడుగున దాచి, "సన్నగున్నవ్, తిను" అని శాంతవ్వ పళ్లెంలోనే వేసేది. బుగ్గమ్మ మొగుడు మొగులప్ప, అంటే సుధాకర్ అన్న, ప్రసంగం మొదలవగానే మాయమై, కల్లు తాగి, అది ముగిసే వేళకు తిరిగొచ్చి అందరికంటే గట్టిగా ఆమేన్ అనేవాడు. పొద్దు పొడిచే వేళ సుధాకర్ డోలక్ అందుకుంటే చుట్టుపక్కల బండ్లలోని జనం, ఎవరిదీ చెయ్యి అంటూ దుప్పట్లతోనే వచ్చి కూర్చునేవారు. అప్పుడు శాంతవ్వ అతని వెనక కూర్చుని గర్వంగా తల దించుకునేది. ఆ ఒక్క పొద్దు మళ్లీ వస్తే చాలుననుకుంది. రైలు కదిలింది.

బుగ్గమ్మ మంచంలో సగమైపోయింది. కళ్లలో మాత్రం పాత చురుకు అలాగే ఉంది. చాయ్ పెట్టడానికి మనీషా వంటింట్లోకి పోగానే ఆమె చెయ్యి చాపింది.

"శాంతా, గా కార్డున్నదా నీ దగ్గర?"

"ఉండక యాడికి వోతదక్కా."

"జర ఇయ్యి."

శాంతవ్వ సంచిలోంచి తీసి ఇచ్చింది. బుగ్గమ్మ దాన్ని బొటనవేలితో నిమిరింది.

"ఇది నాది" అంది.

శాంతవ్వకు అర్థం కాలేదు.

"నేను దీసిన కార్డే ఇది. నీకొచ్చింది వేరే. చదువుమని నా చేతికిచ్చినవ్. ఓపిక వట్టు, ధైర్యంగ ఎదురుచూడు అని ఉండె దాంట్ల. మొగడు అలిగి వారం గాలె, కండ్లు వాచిపోయి కూసున్నవ్. గది చదివి జెప్ప నాకు నోరు రాలె. నా చేతుల గిది ఉండె. గిదే చదివిన, గిదే నీకిచ్చిన."

"మార్చుకోవద్దంటరు గదక్కా."

"ఎరుకే. తప్పు జేసిన." బుగ్గమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "మీ బావను దేవుడే వచ్చి చెయ్యి వట్టి లేపినా కల్లు దుకాణం దిక్కే నడుస్తుండె. నాకు దండుగ అనుకున్న. సుధాకర్ మంచోడు, రెండు నెలల్ల తిరిగొస్తడు, గీ పిల్లకు ధైర్యముంటదనుకున్న. తొమ్మిదేండ్లకు మీ బావ పాయె. పోయేటప్పుడు గూడ ఒక్క మాట ప్రార్థన జెయ్యనియ్యలె. అప్పటి సంది నాకు గదే ఫికర్. నాకొచ్చిన మాట నేనే ఉంచుకుంటే ఆయన వస్తుండెనేమో. నీకిచ్చిన, నీకూ కాలె, నాకూ కాలె."

అప్పుడు శాంతవ్వ జాలిపడాల్సింది. పడలేదు. ఇరవై ఒక్కసార్లు లేచి నిలబడ్డ తన కాళ్లే ఆమెకు గుర్తొచ్చాయి. కొంగుల చాటు నవ్వులు గుర్తొచ్చాయి. దేవుడు తనకు ఏ మాటా ఇవ్వలేదు, ఓపిక పట్టమని తప్ప. ఇన్నేళ్లూ ఇంకొకరి ఉత్తరం పట్టుకుని జవాబు కోసం గుమ్మంలో కూర్చుంది.

"అందరి ముంగట నిలవడ్డ గదక్కా" అంది. "నీదే గద, నువ్వే ఉంచుకో."

మనీషా తెచ్చిన చాయ్ ముట్టకుండానే బయటికొచ్చేసింది. తిరుగు రైల్లో ధారూర్ వచ్చినప్పుడు కిటికీ వైపు చూడలేదు.

జనవరి ఒకటిన పొద్దున సుధాకర్ తెల్లచొక్కా వేసుకుని బండి తుడుస్తున్నాడు. హోటల్లో కూర్చోవడానికైనా కొత్త సంవత్సరం నాడు తెల్లచొక్కానే వేస్తాడు. శాంతవ్వ పాత చీరతో వాకిట్లో కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది.

"టైమైతున్నది" అన్నాడు.

"నేను రాను."

"జ్వరమా?"

"కాదు." ఆమె చేట కింద పెట్టింది. "గా మాట నాది కాదట. బుగ్గక్కదట. నిన్ను తోలుకొస్తా అని దేవుడు నాకు చెప్పనే లేదు. నేనే ఊకె లేసి చెప్పుకుంట వచ్చిన." అని జరిగిందంతా చెప్పింది.

సుధాకర్ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతనికి కూడా ఒక లెక్క ఉంది కాబోలు. తాను ఎంతకాలం బయట కూర్చున్నా లోపల ఈమె కూర్చుని ఉంటుందని. ఆమె లోపల ఉందన్న ధైర్యంతోనే అతను అన్నేళ్లు అలగగలిగాడు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అలవాటు కొద్దీ హోటల్‌కే పోయి ఉంటాడని శాంతవ్వ అనుకుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆరాధన మొదలయ్యే వేళకు ఆమె చేతులు వాటంతటవే ఆగాయి. ప్రార్థన చేద్దామంటే ఏమని చేయాలో తోచలేదు. ఇన్నేళ్లూ కార్డు చూపించి అడిగింది. ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

"నువ్వు నాకేం జెప్పలేదు" అంది పైకే. "మంచిది. చెప్పకపోయినా నేను నీతోనే గద మాట్లాడుతున్న. ఇంకెవలతోని మాట్లాడాలె?"

అలా అన్నాక కళ్లనీళ్లు వచ్చాయి. వచ్చాక మనసు కొంచెం తేలికైంది. అప్పుడు బుగ్గమ్మ మీద జాలి కలిగింది. తన మొగుడి కోసం వచ్చిన మాటను తీసి తోటికోడలి చేతిలో పెట్టిన మనిషి ఆమె. మంచి ముక్కలు ఎప్పుడూ తన పళ్లెంలోనే వేసేది. అటువంటి మనిషి దగ్గర చాయ్ అయినా తాగకుండా వచ్చేసినందుకు శాంతవ్వ తన నోటిని తానే తిట్టుకుంది. రేపే పోయి కాళ్లు పట్టుకోవాలనుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు గేటు చప్పుడైంది. బండి చప్పుడు మాత్రం లేదు. సుధాకర్ నడిచి వచ్చాడు. ముఖమంతా చెమట, కాళ్లకు చెప్పుల్లేవు.

"చెప్పులేవి?" అంది శాంతవ్వ.

"మెట్ల కాడ ఉన్నయ్."

"ఏ మెట్ల కాడ?"

అతను జేబులోంచి రెండు కార్డులు తీసి చేటలో పెట్టాడు.

"నువ్వు రాకపోతే నీ కార్డెవలు దీస్తరు? ముందుగాల హోటలాయన్ని వంపిన. అయ్యగారు ఇయ్యలె. ఇంటోళ్లు వచ్చి తియ్యాలె గని హోటలోళ్లు తీస్తే చెల్లదంట." అతను నేల వైపే చూస్తూ చెప్పాడు. "ఇగ నేనే వోయిన. నీదొకటి, వొదినెదొకటి తీసిన. తీసినంక మోకాళ్ల మీద గూసున్న. లేవ బుద్ధి గాలె. అయిపోయినంక అందరు చుట్టుముట్టిండ్రు. నాకు సిగ్గై ఎనక తలుపుకెళ్లి వచ్చిన. బండి గూడ ఆడనే ఉన్నది."

ఇరవై రెండేళ్లు తలుపు వైపే చూసిన మనిషి, తలుపు తెరుచుకున్న రోజున ఇంట్లో కూర్చుని కందులు చెరిగింది. ఆ సంగతి తలుచుకుని శాంతవ్వ నవ్వింది. నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. సుధాకర్ పక్కన కూర్చున్నాడు కానీ ఓదార్చడం రాక చేటలోని కందులు కెలికాడు.

కాసేపటికి ఆమె ముఖం కడుక్కుని వచ్చింది. చీర మార్చింది. కార్డులు రెండూ చదివించుకోకుండానే సంచిలో వేసుకుంది.

"నడువు, వికారాబాద్ పోదాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పాపం అక్క, నాకిచ్చిన మాట దండుగైందని తండ్లాడుతున్నది. నువ్వొచ్చి ముంగట నిలవడాలె."

"జర ఆగు, చెప్పులు దెచ్చుకుంట."

"వద్దు" అంది శాంతవ్వ. "నీ నోరు జెప్తే అక్క నమ్మదు. కాళ్లు జూస్తే నమ్ముతది."

సుధాకర్ తన కాళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. లేచి స్టేషన్ దారి పట్టాడు. శాంతవ్వ తలుపుకు గొళ్లెం పెట్టి అతని వెనకే నడిచింది.