ఆఖరి పాటలో ఆఖరి మాట

కొరియాలో ఆరుగురు కుర్రవాళ్లు విడిపోతున్నారని కర్ణాటక సరిహద్దు పల్లె వల్లూరులో మంజుశ్రీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ పాటల బృందం పేరు నూరిబిట్. అక్కడి చట్టం ప్రకారం ఇద్దరు సైన్యంలోకి పోతున్నారట, అందుకని కంపెనీ ఆఖరి పాట వదిలింది. ఉగాదికీ ఒక ఆఖరి పాట వచ్చింది. దసరాకు ఇంకొకటి. ఈసారి అదే పాటను నిదానంగా ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, మాటల్లేకుండా ఒకటి వదిలారు.

"చచ్చినోళ్లకైనా దినం ఒకసారే చేస్తారు కదమే," అంది ఆమె అవ్వ ఓబక్క.

"ఊరికే ఉండవ్వా! పాట చార్టులో ఫస్ట్ రావల్ల."

పావగడ బజారులో బట్టలంగడి కేశవమూర్తి కూతురు నమ్రత అభిమానులకు నాయకురాలు. మూడు రోజుల్లో మూడువందల సార్లు పాట ఆడించినవాళ్లను బెంగళూరుకు తీసుకుపోయి, పెద్ద తెర మీద చివరి కచేరీ చూపిస్తానంది. మంజుశ్రీ ప్రాణమంతా ఆ ప్రయాణం మీదే ఉంది. కానీ ఆమె పని సోలార్ పలకలు కడగడం. అదీ ఒకప్పుడు ఓబక్క శనక్కాయ పెరికిన చేలోనే. గేటు దగ్గరికి ఫోన్ తేనివ్వరు. అందుకే ఫోన్ అవ్వ చేతిలో పెట్టింది.

"సౌండు తగ్గించొద్దు. ఈడ నొక్కితే మళ్లీ మొదలైతాది. అంతే."

బెంగళూరంటే ఓబక్కకు భయం. ఎవర్ని ఏ బస్సు ఎటు తీసుకుపోతోందో తెలియాలని, బస్సుల కన్నడ బోర్డులు చూసి చూసి తనకు తానే అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. అయినా మనవరాలి మొహం చూసి ఒప్పుకుంది.

పాట కింద కన్నడంలో మాటలు కదిలాయి. ఓబక్క కూడబలుక్కుని చదివింది. చివర్న, "ఇక మేం పోతున్నాం."

ఆమె గడపలో ఎవరూ 'పోతా' అనరు. 'పోయొస్తా' అనాలి. మొగుడు బైలప్ప ఒక్కసారి 'పోతా' అని బళ్లారి బస్సెక్కాడు. బస్సు మాత్రం తిరిగొచ్చింది.

కన్నతల్లులున్న పిల్లలు, వాళ్ల నోట ఆ మాట ఎందుకని, ఆ వరుస వచ్చేలోపే ఓబక్క మళ్లీ మొదటికి నొక్కింది. మూడు రోజులూ అలాగే. కనుచూపు మేరా కరెంటు పండే ఊళ్లో చార్జింగుకు కరెంటు లేక, పక్కవీధిలో సుబ్బక్క ఇంటికి మూడుసార్లు పరిగెత్తింది కూడా.

మూడో రోజు సాయంత్రం నమ్రత లెక్క పంపింది. మంజుశ్రీ పేరు ముందు సున్నా.

"కడాకు ఆడితేనే లెక్కంట! ఏం చేసినావవ్వా?"

ఓబక్క చెప్పింది.

"నన్ను పంపకూడదనే చేసినావు! పాట సెకండ్ వచ్చినాది, తెల్సా?"

"ఫస్టు ఎవరొచ్చినారు?"

"పోయినేడు విడిపోయినోళ్లు. మళ్లీ కలిసినారు."

"చూస్తివా!" అంది ఓబక్క. మంజుశ్రీ ఆనాటి నుంచి అవ్వతో మాటలు మానేసింది. మనవరాలు బెంగళూరు పోకుండా ఇంటిపట్టునే ఉన్నందుకు లోలోపల సంతోషించిన ఓబక్కకు, ఆ మౌనం చూశాక సిగ్గేసింది.

నెల తిరక్కుండానే కంపెనీ నిజంగా ఆఖరి పాట అని ఇంకొకటి వదిలింది. నమ్రతదీ అదే బేరం. మంజుశ్రీ ఫోన్ గూట్లో పెట్టి పనికి పోయింది. ఓబక్క తనంతట తానే తీసుకుంది. ఇందులోనూ చివర అదే మాట. పళ్లు బిగించి మూడువందల సార్లూ కడదాకా విన్నది.

ప్రయాణం రోజు మంజుశ్రీ చెవుల్లో పాట పెట్టుకునే బస్సెక్కింది. కిటికీలోంచి, "పోతా అవ్వా," అంది.

ఓబక్క ఒక కాలు మెట్టు మీద పెట్టి కమ్మీ పట్టుకుంది.

"ఎక్కితే ఎక్కు, లేదంటే దిగవ్వా!" అని కండక్టర్ అరిచాడు.

"అది సరిగ్గా చెప్పనీప్పా. అంతదాకా నీ బస్సు కదల్దు."

బస్సంతా తిరిగి చూసింది. మంజుశ్రీ చెవుల్లోవి పీకేసింది. "పోయొస్తా, తల్లీ, పోయొస్తా! ఇంగ దిగు!"

ఓబక్క దిగింది. బస్సు మలుపు తిరిగేదాకా బోర్డు చదువుతూనే ఉంది.